ప్రపోజ్ చేయాలా? బందరు రోడ్డెక్కండి!

పుణెలో బయల్దేరి హైదరాబాద్, విజయవాడ మీదుగా వచ్చి మచిలీపట్నంలో ఆగిపోయే రోడ్డు ఒకటుంది. జాతీయ రహదారి 65. కృష్ణా జిల్లా కుర్రకారుకు ఈ రోడ్డు అంటే హైదరాబాద్. హైదరాబాద్ అంటే సెలవులు. సెలవులంటే ఇదే రోడ్డు పక్కనున్న రామోజీ ఫిల్మ్ సిటీ, కాస్త లోపలికి వెళితే రావిర్యాలలో వండర్‌లా. మొదటిది 1996 నాటిది, ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ బుక్కులోకెక్కింది. రెండోది 2016లో వచ్చింది. రెండూ సరదా చోట్లే. అందులో పేచీ లేదు.

పేచీ అంతా ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్‌తోనే. థీమ్ పార్కుకి ఫ్రెండ్స్‌తో వెళ్లడం, నలుగురూ చూస్తుండగా మోకాలి మీద కూర్చోవడం, ఉంగరం తీయడం, 'నన్ను పెళ్లి చేసుకుంటావా' అనడం. చుట్టూ వంద ఫోన్లు పైకి లేస్తాయి. ముక్కూమొహం తెలియని వాళ్లంతా 'యెస్ చెప్పు, యెస్ చెప్పు' అని అరుస్తారు. రీల్ అదిరిపోతుంది. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఆ నిమిషంలో తనకి 'కాస్త టైమివ్వు' అనాలనిపిస్తే? అనగలదా?

2022 జూన్‌లో డిస్నీలాండ్ పారిస్‌లో ఓ జంట వీడియో ప్రపంచమంతా తిరిగింది. కోట ముందు వేదిక మీద అతను మోకాళ్లూనాడు. పార్కు ఉద్యోగి పరుగెత్తుకొచ్చి చేతిలో ఉంగరం డబ్బా లాక్కుని, ఇద్దర్నీ కిందికి దిగమన్నాడు. తర్వాత సంస్థ సారీ చెప్పింది. జనం ఆ ఉద్యోగిని తిట్టారు. నిజమే. కానీ పరాయి వాళ్ల సెట్టులో మన జీవితం సీను తీయబోతే, కట్ చెప్పేది కూడా వాళ్లే అవుతారు.

అందుకే ఈసారి అదే రోడ్డు మీద రెండో చివరికి వెళదాం. గుడివాడ, బందరు, దివిసీమ. మూడు రోజుల ట్రిప్పు. ఇక్కడ రోలర్‌కోస్టర్ లేదు, టికెట్ కౌంటర్ లేదు. ప్రేమ, పెళ్లి, అడగడం, చెప్పడం గురించి ఈ నేల దగ్గరున్నన్ని కథలు మాత్రం ఏ పార్కులోనూ దొరకవు. వింటూ వెళితే, ఎక్కడ అడగాలో ఎక్కడ అడగకూడదో దారే చెప్పేస్తుంది.

ఒక మాట ముందే. ఈ వ్యాసంలో అడిగేవాడు అబ్బాయి, జవాబు చెప్పేది అమ్మాయి అన్నట్టు రాస్తున్నాను, వాక్యం తేలిగ్గా నడుస్తుందని. అడిగేది అమ్మాయైనా లెక్కలేం మారవు. పైగా ఈ దారిలో వినబోయే కథల్లో ముందు నోరు విప్పింది ఎక్కువగా అమ్మాయిలే!

మొదటి రోజు: గుడివాడలో మాయాబజార్

గుడివాడ జంక్షన్‌లో దిగండి. విజయవాడ వైపు, భీమవరం వైపు, బందరు వైపు మూడు లైన్లు ఇక్కడే విడిపోతాయి. ఊరు చూస్తే మామూలు ఊరే. కానీ తెలుగు సినిమా ప్రేమలో సగం ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే పుట్టింది. అక్కినేనిది రామాపురం. ఎన్టీఆర్‌ది నిమ్మకూరు. ఇద్దరికీ పాడిన ఘంటసాలది చౌటపల్లి. ఘంటసాల 1922లో, ఎన్టీఆర్ 1923లో, అక్కినేని 1924లో పుట్టారు. ఏడాదికొకరు చొప్పున, పక్కపక్క ఊళ్లలో! అక్కినేని పేరుతో గుడివాడలో కాలేజీ కూడా ఉంది.

ఈ ముగ్గురూ కలిసిన సినిమా 1957 నాటి 'మాయాబజార్'. ఎన్టీఆర్ కృష్ణుడు, అక్కినేని అభిమన్యుడు, సావిత్రి శశిరేఖ. చిన్నప్పుడే ఇచ్చిన మాట ఒకటుంటుంది. పాండవుల రాజ్యం పోగానే శశిరేఖ ఇంట్లో ఆ మాట మార్చేస్తారు. దుర్యోధనుడి కొడుకుతో సంబంధం ఖాయం చేస్తారు. అప్పుడు ఘటోత్కచుడు దిగి ఏకంగా ఓ మాయ నగరాన్నే కట్టిస్తాడు. మేడలు, బజార్లు, కదిలే గిల్పాలు, కిందపడేసే తివాచీలు. ఆలోచిస్తే మన మొదటి థీమ్ పార్కు అదే. మగపెళ్లివారు నోరెళ్లబెట్టి చూసి, ఒక్కో రైడులో ఒక్కోలా బోల్తాపడతారు.

ఇంతకీ ఆ మాయంతా ఎవరి కోసం కట్టారు? పెళ్లికూతుర్ని మురిపించడానికి కాదు. తన మనసులో మాట ఘటోత్కచుడికి ముందే తెలుసు. ఆ మాటను ఎవరూ తొక్కేయకుండా కాపాడటానికి కట్టారు. అసలు శశిరేఖ ఆ బజారులోనే లేదు, వేరేచోట అభిమన్యుడితో పెళ్లిపీటల మీద ఉంది. సర్‌ప్రైజ్ ప్లాన్ చేసేవాళ్లు ఈ సినిమాను ఇంకోసారి చూడాలి. డెకరేషన్ ఎంత పెద్దదైనా పెట్టుకోండి. తన మనసు తెలిశాకే పెట్టుకోండి.

నాలుగేళ్లు వెనక్కి వెళితే 1953. 'దేవదాసు'. ఇందులోనూ అక్కినేని, సావిత్రే. అర్ధరాత్రి ధైర్యం చేసి దేవదాసు గదికొచ్చి అడిగింది పార్వతి. నీళ్లు నమిలింది అతను. ఆ తర్వాత అతను తాగిన మందంతా ఆ రాత్రి తిన్నగా చెప్పలేకపోయిన ఒక్క జవాబుకి వడ్డీ. శరత్‌చంద్రుడు బెంగాల్లో రాసిన కథే అయినా, తెలుగువాళ్లకి దేవదాసు ముఖం మాత్రం ఈ గుడివాడ కుర్రాడిదే.

గుడివాడ నుంచి బందరుకి రైలెక్కండి. గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, చిలకలపూడి, మచిలీపట్నం. వరిచేల మధ్య నుంచి, కాలవల మీంచి వెళుతుంది. పార్కులో టాయ్ ట్రైన్ పది నిమిషాల్లో దింపేస్తుంది. ఇది కాస్త తీరిగ్గా తీసుకెళుతుంది. ఈ రైల్లో ఉంగరం మాట ఎత్తకండి. వేరే మాటలు మాట్లాడండి. పెళ్లంటే తనకేం అనిపిస్తుంది? ఉద్యోగం ఎక్కడ చేద్దామనుకుంటోంది? ఇంట్లో ఎవరికి చెప్పాలంటే భయం? ఈ మూడింటికీ జవాబులు మీకు తెలియకపోతే ఈ ట్రిప్పులో ప్రపోజల్ మానేసి, హాయిగా తిరిగొచ్చేయండి. సర్‌ప్రైజ్ ఎప్పుడు, ఎక్కడ అన్నదాంట్లో ఉండాలి. 'అసలు పెళ్లా?' అన్నదే సర్‌ప్రైజ్ అయితే అది కంగారు పెట్టడం.

పెడనలో ఎరుపు, చిలకలపూడిలో ఉంగరం

దారిలో పెడనలో దిగండి. ఇది కలంకారీ ఊరు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. ఇక్కడ టేకు చెక్కతో చేసిన అచ్చులతో అద్దుతారు. మచిలీపట్నం కలంకారీ పేరుతో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఏదైనా కార్ఖానాలోకి వెళ్లి అడిగితే, పని చేస్తూనే చూపిస్తారు.

గుడ్డను కరక్కాయ రసంలో, పాలల్లో నానబెట్టి ఆరేస్తారు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లు కలిపి పులియబెట్టిన ద్రావకంతో నల్లగీతలు అద్దుతారు. ఎరుపు రావాల్సిన చోట అద్దేది మాత్రం పటిక. అద్దినప్పుడు ఎరుపు కనపడదు. గుడ్డ చూస్తే ఏదో వెలిసిపోయినట్టే ఉంటుంది. దాన్ని ఉతికి, ఆరబెట్టి, రంగునిచ్చే చెక్కలతో పెద్ద డేగిసాలో ఉడకబెడతారు. అప్పుడు పటిక పడిన చోటల్లా ఎరుపు తేలుతుంది. తొందరపడి ముందే తీసేస్తే రంగు నిలవదు.

ప్రపోజ్ చేయబోయేవాళ్లు ఈ డేగిసా దగ్గర ఐదు నిమిషాలు నిలబడాలి. అడిగిన క్షణంలోనే కళ్లలో నీళ్లు, నోట్లో 'యెస్' రావాలని రీల్స్ నేర్పించాయి. చాలామందికి అలా రాదు. మౌనంగా ఉండిపోతారు. 'ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం' అంటారు. అది 'కాదు' అని కాదు. అలాగని 'అవును' అనీ కాదు. ఉడకనివ్వాలి.

తనకి తెలియకుండా ఇక్కడ ఓ కలంకారీ దుపట్టా కొనిపెట్టుకోండి. ఎందుకో తర్వాత చెబుతా.

పెడన తర్వాత వచ్చే చిలకలపూడి, రోల్డ్‌గోల్డ్‌కి దేశమంతా తెలిసిన పేరు. రాగి మీద పల్చటి బంగారు రేకు చుట్టే పనితనం ఇక్కడ తరాలుగా ఉంది. ఇప్పుడు వన్‌గ్రామ్ గోల్డ్ నగలు కూడా చేస్తారు. పెళ్లిళ్లకి, డాన్సు ప్రోగ్రాములకి, దేవుళ్ల అలంకారాలకి ఇక్కణ్నుంచే వెళుతుంటాయి. ఉంగరం ఇక్కడ కొనండి. రోల్డ్‌గోల్డ్‌ది. నవ్వకండి, లెక్క ఉంది. లక్ష పోసి వజ్రపుటుంగరం తెచ్చి ముందు పెడితే, 'ఆలోచిస్తా' అనడానికి కూడా ఎదుటివాళ్లకి మొహమాటం. అంత డబ్బు పెట్టాడే అన్న బరువు నెత్తిన పడుతుంది. పైగా సైజు తెలియదు, డిజైను నచ్చుతుందో లేదో తెలియదు. రోల్డ్‌గోల్డ్ ఉంగరంతో అడగండి. తను సరేనంటే, అసలు ఉంగరం ఇద్దరూ కలిసి వెళ్లి కొనుక్కోండి. ఈ చిన్నది మాత్రం ఇంట్లో డబ్బాలో ఉండిపోతుంది, ముప్పై ఏళ్ల తర్వాత పిల్లలకి చూపించి నవ్వుకోవడానికి.

రాత్రికి బందరులో బస. ఇక్కడ ఒక మాట సూటిగా. పెళ్లికాని జంటకి గది ఇవ్వడానికి చిన్న ఊళ్లలో చాలా లాడ్జీలు నసుగుతాయి. అందుకే నలుగురైదుగురు ఫ్రెండ్స్‌తో రండి, అమ్మాయిలకి వేరే గది, అబ్బాయిలకి వేరే గది. ఇబ్బందీ ఉండదు, ఇంట్లో అబద్ధాలు చెప్పే పనీ తగ్గుతుంది.

రెండో రోజు: కూచిపూడిలో ఒక ఉత్తరం

పొద్దున్నే కారు మాట్లాడుకుని కూచిపూడి వెళ్లండి. మొవ్వ మండలంలో చిన్న అగ్రహారం. 1678లో గోల్కొండ సుల్తాన్ అబుల్ హసన్ తానీషా ఈ ఊరిని నాట్యం చేసే కుటుంబాలకి రాసిచ్చాడని చెబుతారు. ఇక్కడి నాట్యానికి ప్రాణం సిద్ధేంద్ర యోగి కట్టిన 'భామాకలాపం'. అందులో సత్యభామ అలిగి దూరమైన కృష్ణుడికి ఉత్తరం రాస్తుంది. మాధవి చేతికిచ్చి పంపుతుంది. పెళ్లయ్యాక రాసిన ఉత్తరమే అనుకోండి. కానీ గర్వం, కోపం, ఇష్టం, సిగ్గు, అన్నీ ఆ ఒక్క కాగితంలో పెట్టేస్తుంది. ఎంతోమంది మగవాళ్లు ఆడవేషం కట్టి ఆ సత్యభామని ఆడారు. వేదాంతం సత్యనారాయణ శర్మ వేదిక మీదకొస్తే ఆయన మగాడన్న సంగతే జనం మర్చిపోయేవారట.

పక్కనే మొవ్వ. క్షేత్రయ్య ఊరని చెబుతారు. 'మువ్వగోపాల' అన్న ముద్రతో ఆయన రాసిన పదాల్లో నాయికలు ఏ మాటా దాచుకోరు. ఇష్టమైతే ఇష్టమంటారు, నువ్వు అబద్ధాలాడుతున్నావంటే అవునని మొహం మీదే అంటారు. పదిహేడో శతాబ్దంలో!

ఇక్కడ మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఏ అరుగు మీదో కూర్చుని ఉత్తరం రాయండి. వాట్సాప్ కాదు. కాగితం, పెన్ను. తన గురించి మీకు తెలిసిన మూడు విషయాలు, మీ గురించి తనకి తెలియాల్సిన ఒక విషయం. అప్పున్నా, ఇంట్లో గొడవలున్నా, ఆరోగ్యం సంగతి ఏదైనా ఉన్నా అందులో రాయండి. మోకాలి మీద కూర్చున్నప్పుడు ఇవన్నీ చెప్పలేం. కానీ ఇవి తెలియకుండా చెప్పించుకున్న 'యెస్' ఎన్నాళ్లు నిలుస్తుంది? ఉత్తరమైతే తను ఒంటరిగా, తీరిగ్గా, రెండుసార్లు చదువుకోవచ్చు.

శ్రీకాకుళంలో రాయలవారి కల

మొవ్వ నుంచి కృష్ణ ఒడ్డుకి వెళితే శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర జిల్లా కాదు, ఘంటసాల మండలంలోని ఊరు. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. కళింగ దండయాత్ర సమయంలో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికొచ్చి ఉపవాసమున్నాడు. ఆ రాత్రి కలలో ఆంధ్ర విష్ణువు కనిపించి, శ్రీరంగంలో జరిగిన తన పెళ్లి కథని తెలుగులో రాయమన్నాడు. అలా పుట్టింది 'ఆముక్తమాల్యద'.

ఎవరి పెళ్లి? గోదాదేవిది. శ్రీవిల్లిపుత్తూరులో తులసివనంలో దొరికిన పిల్ల. తండ్రి దేవుడి కోసం కట్టిన పూలదండని తను ముందు వేసుకుని, నీటిలో చూసుకుని, తర్వాత పంపేది. పెళ్లి చేసుకుంటే రంగనాథుణ్నే అని పట్టుబట్టింది. సాధించింది. ఆముక్తమాల్యద అంటే, వేసుకుని తీసిన దండనిచ్చిన పిల్ల అని అర్థం. అయిదొందల ఏళ్ల కిందట యుద్ధానికి బయల్దేరిన చక్రవర్తి మన జిల్లాలో ఆగి రాయాలనుకున్నది, తన వరుణ్ని తనే ఎంచుకున్న ఒక అమ్మాయి కథ. ఇంట్లో ఎవరైనా 'మన సంప్రదాయంలో ఆడపిల్ల అలా చెప్పకూడదు' అంటే ఈ గుడి అడ్రస్ ఇవ్వండి.

అక్కణ్నుంచి చల్లపల్లి మీదుగా మోపిదేవి. సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడి. పెళ్లి ఆలస్యమవుతోందని, పిల్లలు కావాలని జనం మొక్కుకునే చోటు. ఇక్కడ మీరు ఉంగరం జేబులో పెట్టుకుని దండం పెట్టుకుంటే తప్పులేదు. అంతవరకే. గుళ్లో దేవుడి ముందు అడగడం మాత్రం వద్దు. దేవుడి ఎదుట 'వద్దు' అని చెప్పాలంటే ఎవరికైనా నోరు రాదు.

హంసలదీవిలో ఆగండి, అడక్కండి

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. అవనిగడ్డ, కోడూరు దాటాక హంసలదీవి. వేణుగోపాల స్వామి గుడి. కాకి ఇక్కడ మునిగి హంసగా మారిందని కథ. ఇంకాస్త ముందుకెళితే పాలకాయతిప్ప బీచ్. ఆ పైన కృష్ణమ్మ సముద్రంలో కలిసే సాగర సంగమం.

మహాబలేశ్వర్‌లో పుట్టి, మూడు రాష్ట్రాలు దాటి, నాగార్జునసాగర్, ప్రకాశం బ్యారేజీ అన్నీ చూసి వచ్చిన నది ఇక్కడ ఏ హడావిడీ లేకుండా సముద్రంలోకి జారిపోతుంది. ఒక పక్క మడ అడవులు. వాటిలో బావురు పిల్లులు ఉంటాయి. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. మనిషి అలికిడి తక్కువ. ఇంత అందమైన చోట అడక్కపోతే ఇంకెక్కడ అడుగుతారు అనిపిస్తుంది.

ఇక్కడే ఆగాలి. అడక్కూడదు. మొదటి కారణం, ఈ నేలకి గుర్తున్నది వేరు. 1977 నవంబర్ 19. ఉప్పెన. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ల మీద సముద్రం లేచి వచ్చింది. పదివేల మందికి పైగా పోయారని లెక్క. చుట్టుపక్కల తుఫాను షెల్టర్లు కనపడుతుంటాయి. మీకు చాయ్ ఇచ్చే పెద్దాయన ఆ రాత్రి తాడిచెట్టు పట్టుకుని బతికినవాడై ఉండొచ్చు. ఆయన ఇంట్లో మిగతావాళ్ల సంగతి మనకి తెలియదు. ఇది సెట్టింగు కాదు. ఇక్కడ కాసేపు మాట్లాడకుండా కూర్చోవడం మర్యాద. బాణసంచా, ఆకాశదీపాలు, డప్పులు, పొగబాంబులు వద్దే వద్దు. తాబేళ్లకీ మంచిది కాదు.

రెండో కారణం ఇంకా ముఖ్యం. ఇక్కణ్నుంచి బయటికి వెళ్లడానికి ఒకటే దారి, ఉన్నది మీ కారు. సాయంత్రమైతే బస్సు దొరకడం కష్టం. అలాంటి చోట మీరు అడిగారనుకోండి. తనకి 'వద్దు' అనాలని ఉందనుకోండి. అన్నాక గంటకి పైగా మీ పక్కనే, అదే కార్లో, అదే చీకట్లో కూర్చుని రావాలి. ఆ ప్రయాణం ఊహించుకునే చాలామంది అమ్మాయిలు నవ్వి 'సరే' అనేస్తారు. అది జవాబు కాదు, తప్పించుకునే దారి. థీమ్ పార్కులో జనం గోడలా నిలబడితే, ఇక్కడ జనం లేకపోవడమే గోడ. అడగబోయే చోటుకి సీనరీ కన్నా ముందు చూసుకోవాల్సింది, తను ఒక్కతే తిరిగి ఇంటికి వెళ్లగలదా లేదా అన్నది.

కాబట్టి హంసలదీవిలో ఫొటోలు తీసుకోండి. నీళ్లలోకి దిగకండి, సంగమం దగ్గర లోతు, లాగుడు రెండూ పైకి కనపడవు. చీకటి పడకముందే బయల్దేరండి. అవనిగడ్డలో చేపల పులుసుతో భోంచేసి బందరు చేరండి. పడుకోబోయే ముందు ఆ ఉత్తరం ఇంకోసారి చదువుకోండి. మార్చాలనిపిస్తే మార్చండి.

మూడో రోజు: మంగినపూడిలో తెల్లారింది

బందరుకి పదకొండు కిలోమీటర్లలో మంగినపూడి బీచ్. ఇసుక తెల్లగా మెరవదు, నల్లమట్టి కలిసిన నేల. లైట్‌హౌస్ ఉంది. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సముద్రంలో మునగడు. సినిమాల్లోలా సూర్యాస్తమయం ప్లాన్ చేసి వస్తే వీపు వైపు చూడాల్సి వస్తుంది! జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆరున్నర దాటాక తెల్లారుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల భయం, మే నెలలో ఎండ. కాబట్టి సంక్రాంతి రద్దీ తగ్గాక వచ్చే వారాలు బాగుంటాయి. కార్తీక పౌర్ణమికి ఇక్కడా, మాఘ పౌర్ణమికి హంసలదీవిలోనూ సముద్ర స్నానాలకి వేలమంది వస్తారు. ఆ రోజులు మానుకోండి.

ఎందుకు ఇక్కడ? పొద్దున పూట నలుగురు మనుషులుంటారు. జాలర్లు, వాకింగ్‌కొచ్చినవాళ్లు. భయపడేంత ఒంటరితనం లేదు, సిగ్గుపడేంత జనం లేరు. ఆటోలుంటాయి, బందరు బస్టాండ్ దగ్గరే. అక్కణ్నుంచి విజయవాడకి బస్సులకి లోటు లేదు. రోజంతా మిగిలి ఉంది. ఏ జవాబైనా చెప్పి, ఎటైనా వెళ్లగలిగిన చోటు ఇది.

ఫ్రెండ్స్‌ని కాస్త దూరంగా చాయ్ దగ్గర ఉంచండి. చలిగాలికి తను చేతులు కట్టుకుంటుంది కదా, పెడన దుపట్టా అప్పుడు ఇవ్వండి. కప్పడం మీ పని కాదు, ఇవ్వండి చాలు. తర్వాత ఉత్తరం ఇవ్వండి. చదవనివ్వండి. మీరు నాలుగడుగులు పక్కకెళ్లి అలలు లెక్కపెట్టుకోండి. తను తలెత్తాక, చిలకలపూడి ఉంగరం చూపించి ఒక్క వాక్యం అడగండి. ఆ వెంటనే ఇంకో వాక్యం కలపండి. 'ఇప్పుడే చెప్పక్కర్లేదు' అని. మొదటి వాక్యం అందరూ అడుగుతారు. రెండోది అన్నవాళ్లని మర్చిపోవడం కష్టం.

వీడియో సంగతి. దాక్కుని తీయించకండి. మన డెల్టాలో ఊరికీ ఊరికీ చుట్టరికాలుంటాయి. పెట్టిన రీల్ తను బస్సు దిగేలోపే వాళ్ల మేనత్త ఫోన్లో ఉంటుంది. ఇంట్లో ఎలా చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో, ఎవరితో మొదలుపెట్టాలో తను ఎన్నాళ్లుగానో ఆలోచించుకుని ఉంటుంది. కులమో, చదువో, అక్క పెళ్లి కాకపోవడమో, ఏదో లెక్క ఉంటుంది. ముప్పై సెకన్ల వీడియో ఆ లెక్కంతా తారుమారు చేసేస్తుంది. లైకులు మీకొస్తాయి, తిట్లు తనకి పడతాయి. తను సరేనన్నాక, తనకి ఇష్టమైతే, అప్పుడు ఇద్దరూ కలిసి ఫొటో దిగండి. ఎప్పుడు పోస్ట్ చేయాలో తనే చెబుతుంది.

తన వైపు వాళ్లలో ఒక్కరికి మాత్రం ముందే చెప్పి ఉంచండి. తన బెస్ట్ ఫ్రెండో, చెల్లెలో. ప్లాన్ చెడిపోదు. తనకి ఇష్టంలేని పని ఏదైనా మీరు చేయబోతుంటే ఆపేవాళ్లు ఒకరుంటారు, అంతే.

జేబులో పెట్టుకోవాల్సిన చిట్టీ

తిరుగు టికెట్లు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. తనది తన ఫోన్లో.

ఉంగరాన్ని లడ్డూలో, కేకులో, కూల్‌డ్రింకులో దాచకండి. పన్ను విరిగితే ప్రపోజల్ కాస్తా పళ్ల డాక్టర్ దగ్గర ముగుస్తుంది.

'వద్దు' అంటే, ఎందుకు అని ఒక్కసారి అడగొచ్చు. రెండోసారి అడక్కండి. ఆటో మాట్లాడిపెట్టండి. ఫ్రెండ్‌ని తోడు పంపండి.

'ఆలోచిస్తా' అంటే, గడువు పెట్టకండి. పెడనలో డేగిసా గుర్తుంది కదా.

'సరే' అంటే, మీ ఇంట్లో మాట్లాడే బాధ్యత ఆ రోజు నుంచే మీది. దేవదాసులా నాన్నగారి ముందు నీళ్లు నమలకండి.

చివరగా బందరు లడ్డు. శనగపిండి వేయించి, దంచి, బెల్లం పాకం పోసి మళ్లీ దంచి, నెయ్యితో కట్టే తొక్కుడు లడ్డు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బస్టాండుకి వెళ్లేముందు రెండు ప్యాకెట్లు కొనండి. ఒకటి వాళ్లింటికి, ఒకటి మీ ఇంటికి. తను ఏం చెప్పినా కొనండి. బందరు వెళ్లి లడ్డూ లేకుండా వచ్చారంటే మాత్రం ఇంట్లో అసలు ప్రశ్నలు అప్పుడు మొదలవుతాయి!